తెలుపు – తెలివి: ఒక వర్ణవాచకపు అర్థచరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగులో ‘తెలుపు’ అనే మాటకు రెండు ప్రధానార్థాలున్నాయి. నామవాచకంగా అది ఒక రంగు పేరు. క్రియగా అది ‘తెలియజేయు’ అనే అర్థాన్నిస్తుంది. ‘బట్ట తెలుపు’ అన్నప్పుడు, ‘విషయం తెలుపు’ అన్నప్పుడు వినిపించేది ఒకే ధ్వని. వ్యాకరణదృష్టిలో ఇవి రెండు వేర్వేరు నిర్మాణాలు. నలుపు, ఎరుపు, పసుపు అనే మాటల్లో కనిపించే ‘పు’ రంగు పేరులోనూ ఉంది. తడియు – తడుపు, నిలుచు – నిలుపు అనే జంటల్లో ప్రేరణార్థాన్నిచ్చే ‘పు’ క్రియలో ఉంది. ప్రత్యయాలు వేరైనా మూలం మాత్రం ఒక్కటే. తెలుగువారి నుడిలో రంగుకూ ఎరుకకూ ఉన్న ఈ చుట్టరికం ఎలా ఏర్పడింది, అది తరువాతి కాలాల్లో ఏయే మలుపులు తిరిగింది అని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందులోని ప్రధాన ప్రతిపాదన ఇది: తెలుగులో తెల్లరంగును సూచించే మాట రెండు వారసత్వాలను మోస్తున్నది. ఒకటి దాని సొంత ధాతువు నుంచి వచ్చిన స్పష్టత, ఎరుక. రెండవది, అది పక్కకు నెట్టిన పాత మాట నుంచి సంక్రమించిన వెలుగు, పాలిపోవడం, వెలితి. ‘తెలుపు’ చుట్టూ అల్లుకున్న జాతీయాలు, ఆచారాలు, రాజకీయ పదాలు పరస్పరం విరుద్ధంగా కనిపించడానికి ఈ రెండు వారసత్వాల కలయికే ముఖ్య కారణం.

రెండు ధాతువులు

ద్రావిడ భాషల్లో తెల్లరంగుకు ప్రాచీనమైన ధాతువు ‘వెళ్’. దాని మూలార్థంలో ప్రకాశమూ తెలుపూ కలిసి ఉన్నాయి. తమిళంలో తెలుపు ‘వెళ్ళై’, వెండి ‘వెళ్ళి’. కన్నడంలో వకారం బకారమై తెలుపు ‘బిళి’, వెండి ‘బెళ్ళి’, వెలుగు ‘బెళకు’ అయ్యాయి. మలయాళంలోనూ తెలుపు ‘వెళుప్పు’. స్వతంత్ర సాహిత్య సంప్రదాయం గల నాలుగు ప్రధాన ద్రావిడ భాషల్లో మూడు ఈ పాత ధాతువునే రంగు పేరుగా నేటికీ నిలుపుకొన్నాయి. తెలుగు ఒక్కటే దారి మార్చింది.

తెలుగు ఆ ధాతువును పోగొట్టుకోలేదు. రంగు పేరుగా వాడుక తగ్గినా, వస్తువుల పేర్లలో అది దాగి ఉంది. వెలుగు, వెండి ఆ కుటుంబంలోవే. తెల్లని నెల, అంటే తెల్లని చంద్రుడు, ‘వెన్నెల’. కన్నడంలో ‘బెళదింగళు’, తమిళంలో ‘వెణ్ణిలవు’ ఇదే కూర్పు. తెల్లని నెయ్యి ‘వెన్న’; తమిళంలో ‘వెణ్ణెయ్’, కన్నడంలో ‘బెణ్ణె’. తెల్లని ఉల్లి ‘వెల్లుల్లి’. కంసాలి వాడే ‘వెలిగారం’లో మొదటి భాగం కూడా ఇదే. ఇంటి గోడకు పూసే సున్నం నేటికీ ‘వెల్ల’. వెన్నెల, వెన్న, వెల్లుల్లి అనేవారికి వాటిలో తెలుపు ఉన్నదన్న స్ఫురణ లేదు. ధాతువు జీవించి ఉంది గాని, దాని అర్థం మరుగుపడింది.

రంగు పేరుగా తెలుగు స్వీకరించిన ‘తెల్’ ధాతువుకు మూలార్థం రంగు కాదు. అది తేరడం, అడుసు అడుగున చేరి నీరు స్వచ్ఛం కావడం. తేట, తేరు, తేర్చు, తెలియు, తెలివి, తెల్లము అనేవన్నీ ఈ కోవలోవి. కన్నడంలో ‘తిళి’ అంటే తేటపడడం, తెలియడం. ‘తిళినీరు’ అంటే తేటనీరు. తమిళంలో ‘తెళి’, ‘తెళివు’ అనేవీ ఈ అర్థాలనే ఇస్తాయి. అయితే ఆ భాషల్లో ఈ ధాతువు తేటదనం వద్ద, ఎరుక వద్ద ఆగింది; తెల్లరంగుకు ప్రధానమైన పేరు కాలేదు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, పరివర్ధిత ముద్రణ 1984) ఈ రెండు పదకుటుంబాలను వేర్వేరుగానే చూపింది.

తెలుగు ఊహలో ఈ ధాతువుకు ఆధారమైన దృశ్యం కుండలోని నీళ్లు. వరదనీటిని కుండలో పోసి, లోపలి గోడకు ఇండుపగింజ అరగదీసి కదలకుండా ఉంచితే మడ్డి దిగి, పైన తేట నిలుస్తుంది. తేరడమంటే అదే. మనసు విషయంలోనూ ఆ మాటే వాడతారు. కలత తీరి మనసు ‘తేటపడుతుంది’. మూర్ఛపోయినవాడు ‘తేరుకుంటాడు’, వానికి ‘తెలివి వస్తుంది’. సందేహం మిగలని విషయం ‘తేటతెల్లం’ అవుతుంది. ఈ చివరి మాట ఒకే ధాతువు నుంచి పుట్టిన రెండు రూపాల జంట. తెలుగువారికి తెలియడమంటే కొత్తగా ఏదో వచ్చి చేరడం కాదు. కలిసిన మలినం విడివడి, ఉన్నది కనబడడం.

‘వెలి’ వెనుకబడిన తీరు

ప్రాచీన కావ్యభాషలో ఈ రెండు ధాతువులూ పక్కపక్కనే ఉన్నాయి. శ్వేతచ్ఛత్రం ‘వెలిగొడుగు’. తెల్లతామర ‘వెలిదామర’, ‘వెలిదమ్మి’. ‘తెలిదమ్మి’, ‘తెలినగవు’, ‘తెలిమంచు’ వంటివీ అదే కావ్యభాషకు చెందినవి. ఛందస్సుకూ యతికీ అనుకూలంగా కవికి వకారంతో ఒక మాట, తకారంతో ఒక మాట సిద్ధంగా ఉండేవి. కాలక్రమాన వ్యవహారంలో ‘తెల్ల’ స్థిరపడింది. ‘వెలి’ సమాసాల్లోనే మిగిలిపోయింది.

ఈ మార్పుకు ఒక కారణాన్ని ఊహించవచ్చు. తెలుగులో ళకారం లకారంగా మారిన చోట్ల రెండు వేర్వేరు మాటలు ఒకే రూపానికి వచ్చాయి. ‘వెలి’కి తెలుపు అన్న అర్థంతోపాటు ‘బయట’ అన్న అర్థం కూడా ఉంది. వెలుపల, వెలివేత, వెలివాడ అనే మాటల్లో ఉన్నది ఈ రెండవ ‘వెలి’. తమిళంలో బయట అనే అర్థమున్న మాట ‘వెళి’ కాగా, రంగును చెప్పే విశేషణం ‘వెళ్ళై’గా వేరుపడి నిలిచింది. తెలుగులో అటువంటి ఎడం లేదు. ఊరికి బయట ఉంచడాన్నీ రాజు తలపై పట్టిన గొడుగునూ ఒకే అక్షరాలతో చెప్పవలసి వచ్చినప్పుడు నిత్యవ్యవహారం మరొక మాటను వెతుక్కోవడం సహజం. సమధ్వని పదాల ఒత్తిడి వల్ల ఒక పదం తప్పుకోవడం భాషాచరిత్రలో తరచు కనిపించే విషయమే. ఈ వివరణ ఊహగానే నిలిచినా, ‘వెలి’ రంగు పేరుగా స్వతంత్రంగా గాక సమాసంలో మాత్రమే మిగలడం దానికి అనుకూలంగా ఉంది. సమాసంలో పక్కమాట అర్థాన్ని నిర్ణయిస్తుంది కనుక పొరపాటుకు తావు లేదు.

సంస్కృత పదాల సాక్ష్యం

సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన పర్యాయపదాలు కూడా ఇదే విభజనను పాటించడం విశేషం. అమరకోశం తెలుపుకు పదమూడు పేర్లు చెప్పింది. శ్వేతం, ధవళం, శుక్లం, సితం, శుభ్రం, శుచి, విశదం, అర్జునం వాటిలో ఉన్నాయి. తెలుగువారు వీటిని ఒకే విధంగా వాడుకోలేదు. శ్వేతం, ధవళం రంగు వద్దనే ఉన్నాయి. శుభ్రం, శుచి రంగును దాదాపు వదలి, మాలిన్యం లేకపోవడాన్ని చెబుతున్నాయి. ‘ఇల్లు శుభ్రం చేశారు’ అంటే గోడలు తెల్లబడ్డాయని అర్థం కాదు. ‘విశదం’ మరింత ముందుకు వెళ్లింది. ‘విశదీకరించు’ అన్నప్పుడు తెలుపు రంగు ఎవరికీ తోచదు. స్పష్టంగా చెప్పడమే తోస్తుంది. అంటే సంస్కృతంలోనూ తెలుపుకూ స్పష్టతకూ బంధుత్వం ఉంది. తెలుగు దాన్ని తన ధాతువుకు అనుగుణంగా స్వీకరించింది. చాంద్రమాన తిథుల వ్యవహారంలో శుక్లపక్షాన్ని తెలుగు పంచాంగం ‘శుద్ధ’ అనడం కూడా ఈ సందర్భంలో గమనించదగినది. ‘అర్జున’ శబ్దం మాత్రం వ్యక్తినామంగా, వృక్షనామంగా నిలిచింది; అర్జునవృక్షాన్ని తెలుగువారు ‘తెల్లమద్ది’ అని పిలిచి, ఆ పేరులోని రంగును తమ మాటలో తిరిగి చెప్పుకున్నారు.

కవిసమయాలు ఈ బంధుత్వాన్ని మరింత బలపరిచాయి. రూపం లేని కీర్తి తెల్లనిది, నవ్వు తెల్లనిది, పాపమూ అపకీర్తీ నల్లనివి అన్న నియమాలను రాజశేఖరుని కావ్యమీమాంస వివరించింది. తెలుగు ప్రబంధాల్లో రాజుల యశస్సు దిక్కులను తెల్లబరచడం ఈ సంప్రదాయం వల్లనే. విద్యాధిదేవత అయిన సరస్వతిని సర్వశుక్లగా భావించడమూ అంత ప్రసిద్ధమే. పోతన భాగవతావతారికలోని శారదాస్తుతి శరన్మేఘం నుంచి ఆకాశగంగ వరకు తెల్లని వస్తువులను వరుసగా కూర్చి ఆమె మూర్తిని నిలుపుతుంది. ఆ కల్పన సంస్కృత సంప్రదాయానిదే అయినా, తెలివికీ తెలుపుకూ ఒకే ధాతువున్న భాషలో అది పరాయిదిగా వినిపించదు.

తెలివి – తెల్లమొహం

ఇంతవరకు చూసిన సాక్ష్యం ఒకే వైపు మొగ్గుతుంది: తెలుపు అంటే ఎరుక. కాని తెలుగు జాతీయాలు దీనికి సరిగ్గా ఎదురు సాక్ష్యం చెబుతాయి. ఏమీ తెలియనివాడు ‘తెల్లమొహం వేస్తాడు’. ఊహించనిది జరిగితే మనిషి ‘తెల్లబోతాడు’. ఏమీ రాయనిది ‘తెల్లకాగితం’. ఎవరి జీవితమైనా చెడిపోతే ‘బతుకు తెల్లారింది’ అంటారు. తెలియడాన్ని చెప్పిన ధాతువే తెలియకపోవడాన్ని ఎలా చెప్పగలుగుతుంది?

దీనికి సమాధానం పాత ‘వెల్’ ధాతువులో ఉంది. ముఖంలో నెత్తురు తగ్గి కళ తప్పడాన్ని తెలుగు ‘వెలవెలబోవు’ అంటుంది. ‘వెల్లబారు’ అన్నా అదే. బట్ట రంగు ‘వెలిసిపోవడం’ కూడా ఈ పాలిపోయే అర్థానికి దగ్గరిదే. వెలుగునిచ్చిన ధాతువే రంగు తగ్గి పాలిపోవడాన్నీ చెప్పింది. ‘వెల్ల’ స్థానంలో ‘తెల్ల’ రంగు పేరుగా స్థిరపడినప్పుడు అది పాత మాట బాధ్యతలన్నిటినీ స్వీకరించింది. ‘వెలవెలబోవు’ పక్కన ‘తెల్లబోవు’ నిలిచింది. దాంతో ‘తెల్ల’ అనే ఒకే రూపంలో తేటపడిన నీరూ ఉంది, పాలిపోయిన ముఖమూ ఉంది. ‘తెల్లమొహం’లోని తెలుపు ‘తెలివి’లోని తెలుపు కాదు, అది వెల్లబారిన ముఖపు తెలుపు.

‘తెల్లవారు’ అనే క్రియ ఈ రెండింటి కూడలి. వెలుగు వ్యాపించడం, వస్తువులు స్పష్టంగా కనబడడం రెండూ అందులో ఉన్నాయి. ‘బతుకు తెల్లారింది’ అన్న నుడికారంలో ఒక రాత్రి ముగిసిందన్న భావం వ్యంగ్యంగా ఒక జీవితం ముగిసిందన్న భావంగా మారింది. ‘తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు’ అనుకునే అమాయకుణ్ణి గురించిన సామెత కూడా ఇక్కడే గుర్తుకు తెచ్చుకోవాలి. రంగు తెలుపైనంత మాత్రాన నిజం కాదని, తెల్లనిదాన్ని కూడా తేర్చి చూడవలసిందేనని ఆ సామెత హెచ్చరిక. జనవ్యవహారం ఈ మాటలోని రెండు అర్థాల మధ్య ఎడాన్ని పండితులకన్న ముందే గుర్తించింది.

వస్త్రంలో తెలుపు

మాటలోని ఈ ద్వైధం ఆచారంలోనూ కనిపిస్తుంది. తెలుగువారి పెళ్లిలో వధూవరులు ధరించే మధుపర్కాలు తెల్లనివి. సంప్రదాయ కుటుంబాల్లో, ముఖ్యంగా అగ్రవర్ణాల్లో, భర్త పోయిన స్త్రీకి విధించినదీ తెల్లబట్టే. ఒకే రంగు ఒకచోట మంగళం, మరొకచోట అమంగళం అయింది. తేడా రంగులో లేదు, రంగు చుట్టూ ఉన్నదానిలో ఉంది. మధుపర్కానికి ఎర్రని అంచు ఉంటుంది. కొత్తబట్ట కొసకు పసుపు రాయనిదే కట్టుకోవడం తెలుగిళ్లలో ఆనవాయితీ కాదు. వితంతువు బట్టకు ఆ అంచూ లేదు, ఆ పసుపూ లేదు. ఆచారదృష్టిలో తెలుపు స్వతహాగా శుభమూ కాదు, అశుభమూ కాదు. పసుపూ ఎరుపూ సోకడానికి సిద్ధంగా ఉన్న తెలుపు మంగళం. వాటిని నిషేధించిన తెలుపు శిక్ష. మొదటిది తేటదనం, రెండవది వెలితి.

ఆ వెలితిని ప్రశ్నించడమే పందొమ్మిదో శతాబ్ది సంస్కరణోద్యమం ప్రధాన కార్యాల్లో ఒకటి. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ ఘటన శాస్త్రచర్చగా, సంఘబహిష్కారపు పోరుగా చరిత్రకెక్కింది. పదచరిత్ర దృష్టితో చూస్తే, అది ఒక స్త్రీ శరీరం మీద తెలుపు అర్థాన్ని మార్చే ప్రయత్నం కూడా. శిక్షగా ఉన్న తెలుపును మధుపర్కపు తెలుపుగా మార్చినవారికి సమాజం వేసిన శిక్ష ‘వెలి’ కావడం ఈ రెండు మాటల చరిత్రలో యాదృచ్ఛికమైనా మరువరాని కలయిక. తరువాతి కాలంలో తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పెళ్లికూతురు తెల్లచీర కట్టడం స్థిరపడి, ఈ రంగుకు ఇంకొక మంగళార్థం చేరింది.

దొరతనమూ జెండా

ఐరోపావారిని తెలుగువారు మొదటి నుంచీ రంగుతోనే గుర్తించలేదు. ‘పరంగి’ అన్న మాట ఉంది. పండితులు ఆంగ్లేయులను ‘హూణులు’ అనీ, ఇంగ్లీషును ‘హూణభాష’ అనీ వ్యవహరించారు. వలసపాలనకు వ్యతిరేకత పెరిగిన కొద్దీ ‘తెల్లవాడు’, ‘తెల్లదొర’ అన్న మాటలకు రాజకీయమైన పదును వచ్చింది. సహాయనిరాకరణోద్యమ కాలంలో గరిమెళ్ల సత్యనారాయణను జైలు పాలుచేసిన సుప్రసిద్ధ గేయం పేరులో ‘తెల్ల’ అన్న విశేషణం మనిషికి గాక ‘దొరతనానికి’ అంటుకుంది. చర్మపు రంగును చెప్పే మాట అధికార వ్యవస్థకు విశేషణమైంది. దొరతనానికి రంగు ఉండదు. ఉందని చెప్పడంతో ఆ పాలనకు ఆధారం జాతి ఆధిక్యమేనన్న విమర్శ ఒక్క మాటలో తేటతెల్లమైంది.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే తెలుపుకు ఎదురర్థం కూడా ఏర్పడింది. తెల్లదొరతనాన్ని ఎదిరించినవారు కట్టినది తెల్లని ఖద్దరు. 1921లో విజయవాడ కాంగ్రెసు సమావేశాల సందర్భంగా పింగళి వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగులతో రూపొందించిన జెండాను గాంధీజీకి చూపారు. ఇతర మతాలవారికి ప్రాతినిధ్యంగా తెలుపును చేర్చాలని గాంధీజీ సూచించారు. అక్కడ తెలుపు మిగిలిన వారందరికీ చోటిచ్చిన రంగు. 1931లో జెండా రూపం మారినప్పుడు రంగులకు మతపరమైన అర్థాలను తొలగించారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ త్రివర్ణ పతాకాన్ని ఆమోదించిన సందర్భంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ నడిమి తెలుపును వెలుగుకూ సత్యమార్గానికీ చిహ్నంగా వివరించారు. ఆయన మాట్లాడినది ఇంగ్లీషులోనే అయినా, ఆ వివరణను తెలుగులో చెప్పుకుంటే వెలుగు ‘వెల్’ ధాతువుది, సత్యాన్ని తెలిపే తెలివి ‘తెల్’ ధాతువుది. రెండు వారసత్వాలూ అక్కడ ఒక్కచోట చేరాయి.

‘తెల్లవారు’ అనే మాటలో ఇంకొక శ్లేష ఉంది. సూర్యోదయాన్ని చెప్పే ‘తెల్లవాఱు’కు పూర్వపు వ్రాతలో శకటరేఫం ఉండేది, తెల్లజాతివారిని చెప్పే ‘తెల్లవారు’లో సాధురేఫం. ఆధునిక లిపి శకటరేఫాన్ని వదలడంతో రెండూ ఒకే వ్రాతలోకి వచ్చాయి. తెల్లవారు వెళ్లిన నాటికి తెల్లవారిందని చెప్పుకునే అవకాశాన్ని తెలుగుకు ఈ లిపిమార్పు ఇచ్చింది.

పత్రమూ కార్డూ

స్వాతంత్ర్యానంతర పరిపాలన ఈ మాటకు మరి రెండు వాడుకలను చేర్చింది. మొదటిది ‘శ్వేతపత్రం’. ఇది బ్రిటిష్ పార్లమెంటు సంప్రదాయం నుంచి వచ్చిన అనువాదపదం. అక్కడ ఆ పేరుకు మూలం కాగితం రంగు మాత్రమే. నీలి అట్టతో వచ్చే పెద్ద నివేదికలకు భిన్నంగా తెల్లగా ఉండే చిన్న పత్రమది. తెలుగు రాజకీయ వ్యవహారంలో మాత్రం ‘శ్వేతపత్రం విడుదల చేయాలి’ అంటే దాచినది బయటపెట్టాలని అర్థం. ఆంధ్రప్రదేశ్‌లో 2014లోనూ 2024లోనూ, తెలంగాణలో 2023 డిసెంబరులోనూ కొత్త ప్రభుత్వాలు పాతవారి పాలనపై శ్వేతపత్రాలు ప్రకటించినప్పుడు ఆ పేరుకు జనం గ్రహించిన అర్థం నిజాన్ని తెలిపే పత్రమనే. కాగితపు రంగును చెప్పిన పరాయి పేరు, తెలుపు – తెలియు అనే బంధుత్వం ఉన్న నేలలో స్పష్టతకు పేరైంది. ఆ పత్రాలు నిజంగా తెల్లనివా, ‘తెల్లనివన్నీ పాలు’ అన్న సామెతకు తగినవా అన్న వివాదం కూడా ప్రతిసారీ వెన్నంటే వచ్చింది.

రెండవది ‘తెల్లకార్డు’. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలకు తెల్లరంగు రేషన్ కార్డు, ఎగువనున్నవారికి గులాబిరంగు కార్డు ఇచ్చారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకానికి తెల్లకార్డు అర్హతాపత్రమైంది. ‘తెల్లకార్డువాళ్లు’ అంటే పేదవారని అర్థం స్థిరపడింది. ఒకప్పుడు ‘తెల్ల’ దొరతనానికి విశేషణం. ఎనభై, తొంభై ఏళ్లలో అదే మాట పేదరికానికి గుర్తయింది. పాలకుణ్ణి చెప్పిన మాట పాలితుల్లో అట్టడుగువారిని చెప్పే మాటగా మారడం ఏ ధాతువూ ముందుగా చెప్పగలిగినది కాదు. బియ్యానికీ వైద్యానికీ ఆ కార్డే ఆధారమైనవారికి ఈ తెలుపు అలంకారం కాదు; అది ఉందా లేదా అన్నది బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న.

ఉపసంహారం

రంగుల పేర్లు కంటికి కనిపించేదాన్ని చెబుతాయని సాధారణంగా భావిస్తారు. ‘తెలుపు’ చరిత్ర అంత సరళంగా లేదు. తక్కిన మూడు సోదర భాషలు వెలుగును చెప్పే ధాతువుతో ఈ రంగును పిలిస్తే, తెలుగు తేటను చెప్పే ధాతువుతో పిలిచింది. పాత ధాతువు వెన్నెలలో, వెన్నలో, వెండిలో దాగి, తన అర్థాలను కొత్త మాటకు అప్పగించింది. అందువల్ల తెలివీ తెల్లమొహమూ, మధుపర్కమూ వితంతువస్త్రమూ, దొరతనమూ రేషన్ కార్డూ ఒకే విశేషణం కిందికి వచ్చాయి. వీటిని ఒకే రంగు తాలూకు ప్రతీకలుగా కలిపి వివరించబోతే చిక్కు విడదు. ఏ వాడుక ఏ ధాతువు వారసత్వమో, ఏది అనువాదం ద్వారా వచ్చిందో, ఏది పాలనావసరం పుట్టించిందో వేరుచేసి చూడాలి. మడ్డి దిగేదాకా ఓపిక పట్టి తేర్చుకోవలసిన మాటల్లో ‘తెలుపు’ కూడా ఒకటి.